పాత బల్లకు కొత్త నకలు

పరిచయం

మన చుట్టూ జరిగే ఒక విషయాన్ని గమనించి, దానిపై మన అభిప్రాయాన్ని కారణాలతో చెప్పే రచన అభిప్రాయ వ్యాసం. ఈ పాఠంలో రచయిత ఒక చిన్న బల్లను తీసుకొని నకలు, పనితనం, చదువు అనే మూడు విషయాలను చర్చించారు. చదివేటప్పుడు మీరు రచయితతో ఎక్కడ ఏకీభవిస్తారో, ఎక్కడ ఏకీభవించరో గుర్తు పెట్టుకోండి.

పాఠం

రాయ్‌పూర్ నగరంలో పండరీ అనగానే ఎవరికైనా బట్టల మార్కెట్టు గుర్తుకు వస్తుంది. ఛత్తీస్‌గఢ్ హాట్ ఉన్నది కూడా పండరీలోనే. అక్కడ హస్తకళల ప్రదర్శనలు జరుగుతుంటాయి. బస్తర్ కళాకారులు చెక్కిన కొయ్య బొమ్మలను చూసి జనం "ఎంత పనితనం!" అని మెచ్చుకుంటారు. అదే జనం తమ ఇంటి తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగిని చూసి "పాపం, చదువు అబ్బలేదు, ఉలి పట్టాడు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం నాకు వింతగా తోస్తుంది. ఉలి పట్టడం కూడా చదువే అని నా అభిప్రాయం. అది ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను.

పండరీలో పనిచేసే ఒక తెలుగు వడ్రంగి దగ్గరకు ఒకాయన వచ్చాడనుకుందాం. ఆయన చేతిలో ఒక ఫోటో ఉంది. అది ఇంగ్లండులో 17వ శతాబ్దంలో ఓక్ కొయ్యతో చేసిన పక్కబల్ల. నాలుగు కాళ్ళు, ఒక సొరుగు, కాళ్ళను కింద కలిపే పట్టీలు, పైన ఒక పలక. "మేస్త్రీ గారూ, అచ్చం ఇలాంటిదే చేతి పనిముట్లతో చేసిపెట్టాలి" అని ఆయన అడిగాడు. ఇప్పుడు మేస్త్రీ ముందు మూడు ప్రశ్నలున్నాయి. నకలు చేయడం తప్పా? ఓక్ కొయ్యే కావాలా? యంత్రాలు ఉండగా చేతి పనిముట్లు దేనికి?

1. నకలు చేయడం తప్పా?

తప్పు కాదు. మనమందరం చదువు మొదలుపెట్టింది నకలుతోనే. పలక మీద గురువు రాసిన అక్షరాన్ని పదిసార్లు దిద్దితేనే అది మన చేతికి వచ్చింది. దిద్దినంత మాత్రాన మనల్ని దొంగలని ఎవరూ అనలేదు. పాత బల్లను కొలిచి మళ్ళీ చేయడం కూడా అలాంటి దిద్దుబాటే. కాలు ఎంత లావు ఉండాలి, సొరుగు ఎంత లోతు ఉండాలి, పలక ఎంత ముందుకు రావాలి అనే లెక్కలు పూర్వపు పనివారు ఎన్నో బల్లలు చేసి తేల్చుకున్నవి. వాటిని దిద్దినవాడికి ఆ అనుభవం దక్కుతుంది.

అయితే కొత్త బల్లకు మసి పూసి, అంచులు అరగదీసి, "ఇది మూడు వందల ఏళ్ళ నాటిది" అని అమ్మితే అది మోసం. నకలును నకలు అని చెప్పి అమ్మితే అది పనితనం. అందుకే మేస్త్రీ బల్ల అడుగున తన పేరు, చేసిన సంవత్సరం చెక్కాలి. దానివల్ల కొన్నవాడికి నిజం తెలుస్తుంది, చేసినవాడికి పేరు నిలుస్తుంది.

2. ఓక్ కొయ్యే కావాలా?

నా ఉద్దేశంలో అక్కరలేదు. ఇంగ్లండు వడ్రంగులు ఓక్ వాడింది అది వారి అడవుల్లో పెరిగే గట్టి చెట్టు కాబట్టి. మన దేశంలో ఓక్ జాతులు హిమాలయ ప్రాంతాల్లో పెరుగుతాయి కాని రాయ్‌పూర్ మైదానంలో పెరగవు. విదేశాల నుంచి తెప్పిస్తే ఖర్చు ఎక్కువ.

మన కళలు కూడా దగ్గర దొరికే కొయ్యతోనే పెరిగాయి. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర, బొబ్బిలి వీణకు పనస. ఛత్తీస్‌గఢ్‌లో టేకు ఉంది, సాల ఉంది. సాల ఆ రాష్ట్ర వృక్షం కూడా. సాల కొయ్య బరువైనది, ఉలికి త్వరగా లొంగదు. టేకు ఉలికి బాగా లొంగుతుంది. దాని చేవలో నూనె గుణం ఉండడం వల్ల చెదలు సులభంగా పట్టవు. కాబట్టి పాత బల్ల కొలతలనూ అతుకులనూ నకలు చేసి, కొయ్యను మాత్రం మన ఊరిదే తీసుకోవడం మంచిది. కాని దానికి రంగు వేసి ఓక్ అనకూడదు, టేకు అనే చెప్పాలి.

3. చేతికి తెలిసిన శాస్త్రం

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ పాత బల్లలో కాలికీ పట్టీకీ మధ్య అతుకు ఎలా నిలిచింది? పట్టీ చివరను సన్నగా చెక్కుతారు. దానిని కుసి అంటారు. కాలిలో దానికి సరిపోయే బెజ్జం తొలుస్తారు. కుసి బెజ్జంలో కూర్చున్నాక రెండింటినీ కలిపి ఒక కొయ్య చీల దిగగొడతారు. ఇందులో ఒక చిన్న తెలివి ఉంది. కుసిలోని రంధ్రాన్ని కాలిలోని రంధ్రానికి సూటిగా వేయరు. కుసి మొదటి వైపు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపి వేస్తారు. మొన సన్నగా చెక్కిన చీల దిగుతున్నకొద్దీ పట్టీని కాలి వైపు లాగుతుంది. అతుకు బిగుస్తుంది. జిగురు లేకపోయినా వందల ఏళ్ళు నిలుస్తుంది.

ఇనుప మేకు కొడితే సరిపోదా అని అడగవచ్చు. ఓక్ కొయ్యలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి కొయ్య మీద నల్లని మచ్చ వేస్తుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. మన కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, ఇనుము, బెల్లం నానబెట్టిన నీటితో గీసి నల్లరంగు తెప్పించేది ఈ గుణంతోనే. గుడ్డ మీద అందమైన నలుపు కొయ్య మీద మరక అవుతుంది. కొయ్య చీలకు ఆ బాధ లేదు.

పలక బిగించడంలో మరో పాఠం ఉంది. కొయ్య వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. నిలువు కొలత మాత్రం దాదాపు మారదు. రాయ్‌పూర్ ఎండలు, వానలు రెండూ గట్టివే. పలకను నాలుగు వైపులా కదలకుండా బిగిస్తే ఏదో ఒక ఎండాకాలంలో అది చీలుతుంది. తెలిసిన వడ్రంగి కాస్త జరగడానికి వీలు ఉంచి బిగిస్తాడు.

చట్రం మూలలు సరిగా వచ్చాయో లేదో చూడడానికి అతడు మూల నుంచి ఎదుటి మూలకు తాడు పట్టి కొలుస్తాడు. ఎదురెదురు భుజాలు సమానమై, రెండు కర్ణాల కొలత కూడా ఒకటే అయితే మూలలు లంబకోణాలే. మనం రేఖాగణితం పుస్తకంలో చదివేది ఇదే. అతుకులో యంత్రశాస్త్రం, మరకలో రసాయనం, కొయ్య ఉబ్బడంలో ప్రకృతి శాస్త్రం, మూలలో గణితం ఉన్నాయి. ఇన్ని తెలిసిన మనిషిని చదువు రానివాడని ఎలా అనగలం?

4. యంత్రాల సంగతి

చేతితో చేస్తే ఆలస్యమవుతుంది, ఖర్చు పెరుగుతుంది అన్నది నిజమే. కర్ర పొట్టుతో చేసిన పలకల బల్ల బజారులో చవకగా దొరుకుతుంది. అందరూ చేతి బల్లే కొనాలని నేను అనను. లావు దుంగను యంత్రంతో కోయించుకోవడంలోనూ తప్పు లేదు. కాని పని నేర్చుకునేవాడు మొదట రంపం, చిత్రిక, ఉలి, మూలమట్టం పట్టాలి. కొయ్య పోగులు ఎటు నడుస్తున్నాయో చిత్రిక పట్టే చేతికి వెంటనే తెలుస్తుంది. ఎదురు పట్టితే కొయ్య లేస్తుంది. ఈ సంగతి తెలిసినవాడు తర్వాత యంత్రాన్ని కూడా బాగా వాడతాడు.

1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ చేతివృత్తి ద్వారా చదువు నేర్పాలని ప్రతిపాదించారు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. అందులో శిక్షణతోపాటు పనిముట్ల కోసం రూ. 15,000 వరకు సాయం ఉంది. ఇవి మంచివే. అయితే ప్రభుత్వం పనిముట్లు ఇవ్వగలదు, గౌరవం ఇవ్వవలసింది మనం.

"కూటి కోసం కోటి విద్యలు" అని పెద్దలు అన్నారు. వారు వాటిని కోటి పనులు అనలేదు, విద్యలు అన్నారు. మీలో ఎందరో బడి మధ్యలో మాని ఏదో ఒక పనిలో చేరి ఉంటారు. ఆ ఏళ్ళు వృథా అయ్యాయని అనుకోకండి. అప్పుడు మీ చేతులు నేర్చుకున్నదానికి ఇప్పుడు పుస్తకంలో పేర్లు దొరుకుతున్నాయి. ఆ పేర్లు నేర్చుకోండి, పనిని మరవకండి.

ఆలోచించండి – రాయండి

1. నకలుకూ మోసానికీ రచయిత చూపిన తేడా ఏమిటి? మీరు అంగీకరిస్తారా?
2. కొయ్య చీల అతుకును ఎలా బిగిస్తుందో మీ మాటల్లో రాయండి.
3. పక్కబల్లను టేకుతో చేస్తే అది నకలు కాదని ఒకరు వాదించారు. వారికి మీ సమాధానం ఏమిటి?
4. మీకు తెలిసిన ఒక వృత్తిలో దాగి ఉన్న లెక్కనో, శాస్త్ర విషయాన్నో పది వాక్యాలలో వివరించండి.