వంటగట్టు నునుపు, కార్మికుని ఊపిరి

వంటగదిని నవీకరింపదలచిన మీరు గట్టుకు కృత్రిమ క్వార్ట్జ్ పలకను, వెనుక గోడకు రాతి టైల్సును ఎంచుకొని ఉండవచ్చు. మరక పట్టని ఆ పలక బిగించిన పిమ్మట మీకు హాని చేయదు. ప్రమాదమంతా దానిని కోసే కార్మికునిదే.

గ్రానైట్‌లో సిలికా సాధారణంగా 30 శాతం ప్రాంతంలో ఉండగా, ఈ పలకలలో 90 శాతానికి పైగా ఉండవచ్చు. పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్‌ను కలిగిస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. క్షయ ముప్పు కూడా పెరుగుతుంది. అందువలననే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి ఈ పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది.

నా మట్టుకు గ్రానైటే మేలనిపిస్తుంది. అయితే దాని ధూళి కూడా నిరపాయకరం కాదు. కనుక ఏ రాయిని ఎంచుకొన్నా, బేరమాడేటప్పుడే మేస్త్రీకి ఒక షరతు పెట్టండి: సింకు రంధ్రంతో సహా కోతలన్నీ నీటి ధారతోనే జరగాలి. ముక్కుకు కట్టిన తువ్వాలు ఆ ధూళిని ఆపలేదు. తగిన మాస్కు కావాలి. పని ముగిశాక చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడిపించండి. ఇందుకు అదనంగా అడిగే కూలిని సంతోషంగా చెల్లించండి.