కొట్టకపోతే చాలా?

ప్రొద్దుటూరు బజారులోనైనా, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లోనైనా సంబంధం చూసేటప్పుడు పిల్లోడి గురించి ఆరా తీస్తే దొరికే పెద్ద యోగ్యతాపత్రం ఒకటే: తాగడు, కొట్టడు. ఆ రెండు అలవాట్లూ లేకుంటే పిల్ల సుఖపడుతుందని పెద్దలు నిశ్చింతగా ఉంటారు. ఈ నమ్మకంలో నిజం సగమే. దెబ్బ చివర పడుతుంది. దానికి ముందు పెత్తనం ఉంటుంది. డబ్బు ఎవరి చేతిలో ఉంది, గడప దాటాలంటే ఎవరిని అడగాలి, ఒకరు కాదంటే వాళ్ల బతుకు ఏమవుతుంది అన్నచోట అది వేళ్లూనుకుంటుంది. దీన్ని చట్టం కన్నా చాలా ముందే పట్టుకున్నది మన కథ.

గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’నే చూడండి. రాత్రిళ్లు పాట కచేరీలకు తిరిగి పొద్దుపోయి ఇల్లు చేరిన గోపాలరావుకు కమలిని కనబడదు, కన్నవారింటికి వెళ్లిపోతున్నానన్న ఉత్తరం కనబడుతుంది. ఆమె లేదనుకున్న ఆ కాసేపట్లోనే అతని గర్వం దిగిపోతుంది. భార్య మాటకు విలువ తెచ్చింది ఆమె వెళ్లిపోగలదన్న భయం. తీరా చూస్తే ఆమె ఉన్నది మంచం కిందే. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఆ మాత్రం భయానికీ చోటు లేదు. చదువుకున్న ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఆమెను ఎవరూ కొట్టలేదు, పస్తు పెట్టలేదు. పేరుతో పిలవాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, అంతే. పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచాక గానీ ఆమెకు తానెవరో గుర్తు రాదు. ఏ స్టేషన్లోనూ కేసు రాసుకోలేని ఆ నష్టాన్ని నమోదు చేసింది కథే.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. మన నేతపని ఇళ్లలో మొగుడు గుంతలో కూర్చుని నేస్తుంటే పెండ్లాం నూలు చుట్టి, కండెలు అందించాలి. ఆమె చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది. చీర దిగాక మజూరీ మాత్రం చాలాచోట్ల మగవాడి పేరునే పడుతుంది. పులివెందుల వైపు బోరు వేయాలన్నా, ఎండిపోతున్న చీనీ తోటను నిలబెట్టుకోవాలన్నా ముందు తాకట్టుకు పోయేది ఆమె మెడలోని బంగారం. ‘అడిగే తీసుకున్నాను’ అని భర్త అనవచ్చు. వద్దనడానికి వీల్లేనప్పుడు అది అడగడం ఎట్లవుతుంది? 2005 నాటి గృహహింస చట్టం స్త్రీధనాన్ని హరించడాన్నీ, మాటలతో మనసు విరవడాన్నీ హింసగానే గుర్తించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 18-49 ఏళ్ల వివాహితల్లో 30 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారే. పెత్తనం కింద నలిగి, దెబ్బ తినని ఆడవాళ్లు ఈ లెక్కలోకే రారు.

కథ కల్పన కదా, దాన్ని సాక్ష్యంగా ఎట్ల తీసుకుంటామని అడిగేవారున్నారు. ఎన్ని ఇళ్లలో ఇట్లా జరుగుతోందో కథ చెప్పలేదు, నిజమే. ఒక్క ఇంట్లో ఎట్లా జరుగుతుందో మాత్రం అది చెప్పినంతగా ఏ సర్వే చెప్పలేదు. పులివెందుల ప్రాంతపు పైడిపాళెంలో పుట్టి, 1968లో కడపలో ‘సంవేదన’ పత్రిక పెట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి సాహిత్యాన్ని జీవితంతోనే ఒరిపిడి పెట్టి చూశారు. ఆ గీటురాయి మీద శారద కథ నిలుస్తుంది. కోడలిని రాచిరంపాన పెట్టే అత్తల సంగతేమిటన్నది ఇంకో ప్రశ్న. అత్త చెలాయించేది కొడుకు వల్ల వచ్చిన అధికారం. కొడుకు వేరుపడితే ఆమె మాట చెల్లదు. పీడించేవారు ఆడవాళ్లయినంత మాత్రాన ఆ పెత్తనం స్వభావం మారదు. ఇట్లాంటి కథలు కాపురాలు కూలుస్తాయన్నది మూడో అభ్యంతరం. ఒకరు నోరు మూసుకుంటేనే నిలిచే కాపురంలో కూలడానికి మిగిలిందేమిటి? ఇద్దరిలో ఎవరు కాదన్నా నిలిచేదే కాపురం.

కాదనాలంటే కాళ్ల కింద నేల ఉండాలి. 1985లో అమల్లోకి వచ్చిన సవరణతోనే మన రాష్ట్రం హిందూ ఉమ్మడి కుటుంబాల్లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అయినా పెళ్లికి పెట్టిన ఖర్చుతో సరిపోయిందంటూ, పంపకాల వేళ ఆడబిడ్డల చేత హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకోవడం ఆగలేదు. అన్నదమ్ములతో మంచిగా ఉండాలని వాళ్లూ పెడతారు. ఆ సంతకంతో పోయేది పొలం ఒక్కటే కాదు, అత్తింట్లో ఆమె మాటకున్న బలం కూడా. కూతురి కాపురం బాగుండాలని కోరుకునే ప్రతి తండ్రీ ముందు ఆ కాగితం చించేయాలి, ఆమె వాటాను ఆమె పేరున రిజిస్టరు చేయించాలి. మన బళ్లలో శారద కథను ఆడపిల్లలతో పాటు మగపిల్లల చేతా చదివించాలి, ఇంటి పెత్తనం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాల్సింది ముందు వాళ్లే కాబట్టి.