మైసూరు జవాబు... షికాగో జవాబు!

మోటారుసైకిల్ వెనక చక్రం పేలింది. వెనక కూర్చున్నాయన కిందపడ్డాడు, తలకు దెబ్బ తగిలింది. బండి నడుపుతున్నది ఓ లాయరు. దగ్గర్లోని ఆస్పత్రిలో ఆయన్ని దింపేసి, కోర్టులో పనుందని వెళ్లిపోయాడు. దెబ్బ ఎంత పెద్దదో డాక్టర్ని అడగనైనా అడగలేదు. చివరికి ఆ మనిషి ప్రాణం పోయింది.

లాయరు ఎందుకలా చేశాడంటారు? జవాబు మనసులో అనుకున్నాకే ముందుకెళ్లండి.

జోన్ మిల్లర్ అనే అమెరికా పరిశోధకురాలు 1984లో ప్రచురించిన అధ్యయనంలోది ఈ సంఘటన. మైసూరులో, షికాగోలో పెద్దల్నీ పిల్లల్నీ కలిసి, తెలిసినవాళ్లు చేసిన మంచిపనులూ చెడ్డపనులూ చెప్పమని, ఎందుకలా చేశారనుకుంటున్నారని అడిగిందామె. షికాగో పెద్దలు ఎక్కువగా మనిషి గుణం దగ్గరే ఆగారు. బాధ్యత లేనివాడు, సంపాదన యావ... ఇలా! మైసూరు పెద్దలు పరిస్థితి చూశారు. కోర్టులో క్లయింటు తరఫున నిలబడటం అతని ధర్మం, పైగా కంగారుపడి ఉంటాడు, దెబ్బ అంత పెద్దదని తెలిసి ఉండదు... ఇదీ వరస. అలాగని లాయర్ని వెనకేసుకొచ్చారనుకోకండి. ఈ సంగతి చెప్పిన మైసూరు మనిషే, అతను చేసింది తప్పని కూడా అన్నారు.

అసలు విశేషం పిల్లల దగ్గరుంది. ఎనిమిదేళ్ల వయసులో ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ ఇంచుమించు ఒకేలా చెప్పారు. పెద్దవుతున్నకొద్దీ దారులు విడిపోయాయి. అంటే ఈ తేడా పుట్టుకతో వచ్చింది కాదు. అరుగుల మీద, అన్నాల దగ్గర పెద్దల మాటలు విని విని ఒంటబట్టింది.

సంస్కృతి అంటే మనకు కూచిపూడి, సంక్రాంతి ముగ్గులు గుర్తొస్తాయి. అవీ అందులో భాగమేగానీ, మనస్తత్వ శాస్త్రానికి కావలసింది ఇదిగో, ఈ ఒంటబట్టిన భాగం. దీనికి నిర్వచనం చెప్పడం పండితులకే తలనొప్పి. 1952లో క్రోబర్, క్లక్‌హోన్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన నిర్వచనాల్ని పోగేస్తే 160 దాటాయి!

మనిషి గుణాన్ని చూసి పరిస్థితిని మరచిపోవడం మనిషి బుద్ధిలోనే ఉన్న మౌలికమైన పొరపాటని 1977లో లీ రాస్ పేరు పెట్టాడు. పాఠ్యపుస్తకాలకెక్కింది. మైసూరు జవాబులు వచ్చాక, అది ఎవరి బుద్ధి అన్న ప్రశ్నా వచ్చింది. ఎందుకు రాదూ? అమెరికాలో పేరున్న ఆరు మనస్తత్వ శాస్త్ర పత్రికల్లో 2003 నుంచి 2007 దాకా వచ్చిన అధ్యయనాల్ని జెఫ్రీ ఆర్నెట్ లెక్కతీశాడు. వాటిలో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాళ్లే. ఒక్క అమెరికా వాళ్లే 68 శాతం. ఒక వీధివాళ్ల కొలతలు తీసుకుని ఊరందరికీ చొక్కాలు కుట్టినట్టుంది!

చొక్కా బిగుతైతే విప్పేయొచ్చు. వైద్యం అలా కాదు కదా. మన ఇళ్లలో దిగులు 'నాకు దిగులుగా ఉంది' అంటూ రాదు. గుండెదడ, ఒళ్లుమంటలు, నరాల బలహీనత అంటూ వస్తుంది. నిరాశగా ఉందా అని కాగితం చూసి అడిగితే, 'అబ్బే, అదేం లేదండీ, నిద్రే పట్టట్లేదు' అంటుంది పెద్దావిడ. పరీక్షలన్నీ చేయించి, ఏమీ లేదని మందుబిళ్లలిచ్చి పంపేస్తారు. ఆమె మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటుంది.

ఇక్కడి మనిషిని చూసి పద్ధతి మార్చిన వైద్యులూ ఉన్నారు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువుల్ని వాళ్లతోనే ఉండనిచ్చారు. రోగంతో పాటు ఇంట్లోవాళ్ల భయం కూడా తగ్గింది. తర్వాత వెల్లూరు సీఎంసీలోనూ కుటుంబం తోడుండే పద్ధతి వచ్చింది.

అయితే కుటుంబమే మందు అని చేతులు దులుపుకొంటే కుదరదు. అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలు ఏం చెబుతుంది? ఆ తోడొచ్చిన వాళ్లను కాసేపు బయట కూర్చోమనడం కూడా డాక్టరుకు తెలిసుండాలి. అదీ నొచ్చుకోకుండా... ఏ టీ తాగిరమ్మనో!