ఆవకాయకి ఒకే ఒక్క స్టారు

పోయిన వారం మాగాయ ఎండబెట్టే సంగతి చెప్పుకున్నాం కదా. ఈ వారమూ పచ్చడి సంగతే గానీ జాడీలోది కాదు, ఫోనులోది. ఇంట్లో పచ్చళ్ళో, పొడులో, జాకెట్ల కుట్టుపనో పెట్టుకుని గూగుల్లో పేరెక్కించుకున్న సోదరీమణులు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవండి, రేపు మీరూ మొదలుపెట్టరని ఏముంది?

మాది రాజమండ్రి. నేనూ మా తోడికోడలూ కలిసి నాలుగేళ్ళుగా పచ్చళ్ళు అమ్ముతున్నాం. చెయ్యి అక్కయ్యది. ఫోనూ, పద్దులూ, పార్సిళ్ళూ నావి. ఇంటరు చదివానన్న గౌరవం కొద్దీ ఆవిడ నాకు అప్పగించిన శాఖలవి! కొన్నవాళ్ళు గూగుల్లో మా పేరు కింద అయిదు స్టార్లకి ఎన్నో కొన్ని ఇచ్చి, నాలుగు ముక్కలు రాస్తారు. వాటినే రివ్యూలంటారు. నిరుడు జూలై నాటికి మాకు తొమ్మిది రివ్యూలుండేవి, తొమ్మిదికీ అయిదేసి స్టార్లు. అప్పుడు వచ్చింది పదోది. ఒక్క స్టారు. "ముక్కల మీద బూజు. నూనె దగ్గర పిసినారితనం. డబ్బులు దండగ."

అక్కయ్యకి తెలియనివ్వకూడదనుకున్నాను. మా అబ్బాయి పైకి చదివేశాడు. ఆవిడ నన్నేమీ అనలేదు. "నూనె దగ్గర నేను పిసినారితనం చేశానా?" అని జాడీ మూత తీసి చూసుకుంది. ముక్క మీద వేలెడు నూనె తేలుతూనే ఉంది. ఆ పూట అన్నం దగ్గర కూర్చోలేదు. మా బావగారు పోయాక ఆవిడ ఇంటి ఖర్చూ, పిల్ల చదువూ ఆ జాడీల మీదే నడుస్తున్నాయి. మాట పడిందంటే ఒక్క పరువే కాదు, ఫీజు కూడా గుర్తొస్తుంది.

ఈ స్టార్ల లెక్క కూడా చిన్నవాళ్ళనే కొడుతుంది. తొమ్మిది అయిదులు 45, దానికి ఒకటి కలిపితే 46. పదితో భాగిస్తే 4.6కి పడిపోయాం. అదే 99 మంది అయిదేసి ఇచ్చిన పెద్ద కొట్టుకి ఒక ఒంటి స్టారు వస్తే 4.96 దగ్గర హాయిగా నిలబడుతుంది.

ఇక నా కోపం చూడండి. రాత్రి పదకొండింటికి కూర్చుని "మీరు తడి గరిటె పెట్టి మమ్మల్నంటారా" అంటూ జవాబు మొదలుపెట్టాను. ఆయన ఆర్డరిచ్చిన తేదీ, బెంగుళూరులో ఏ పేటలో ఉంటారో అది కూడా రాసిపారేశాను. పంపబోతుండగా కరెంటు పోయింది, దాంతోపాటు వైఫై పోయింది. కరెంటు పోయినందుకు దణ్ణం పెట్టుకున్నది జన్మలో ఆ ఒక్కసారే. మన జవాబుని తర్వాత దిద్దుకోవచ్చు, నిజమే. కానీ ఈలోగా అది ఆయన దాకా వెళ్ళిపోతుంది. పైగా కొన్నవాళ్ళ ఇంటి వివరాలు పదిమందిలో పెట్టేవాళ్ళ దగ్గర ఇంకెవరు కొంటారు చెప్పండి?

పొద్దున్నే అక్కయ్యే అంది, "తిట్టడం తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ సీసా ఫోటో పంపమను" అని. ఆయన పంపారు. అట్టపెట్టె నూనెతో తడిసిపోయి ఉంది. సీసాలో నూనె సగానికి దిగిపోయి, పైముక్కలు తేలి పొడిగా ఉన్నాయి. ముక్క నూనెలోంచి బయటికొస్తే, అదీ వానాకాలంలో, బూజు పట్టకేం చేస్తుంది? మేము ఉట్టి మూత బిగించి పంపాం, లోపల సీలు లేదు. అక్కయ్య నూనె పుష్కలంగానే పోసింది, కానీ ఆ సీసా చూసినవాళ్ళెవరైనా పిసినారితనమనే అంటారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

వెంటనే డబ్బు తిరిగి పంపేశాం. ఆ తర్వాతే జవాబు రాశాను. "నమస్కారమండీ. మూత దగ్గర సీలు లేక దారిలో నూనె కారిపోయింది, అందుకే బూజు పట్టింది. తప్పు మాదే. దయచేసి పైది తీసేసి మిగతాది వాడకండి, మొత్తం పారేయండి. మీ డబ్బు పంపించాం. ఇకనుంచి లోపల సీలు వేసి పంపుతాం." అంతే. "కానీ" అన్న మాట ఒక్కటి కూడా పడకుండా చూసుకున్నాను. ఎందుకంటే ఆ జవాబు చదివేది ఆయనొక్కరే కాదు, రేపు మన దగ్గర కొందామా వద్దా అని తటపటాయించేవాళ్ళు. స్టారు మార్చమని మటుకు అడగలేదు. డబ్బు వెనక్కిచ్చి స్టారు అడిగితే అది బేరమవుతుంది.

అన్నట్టు, అంతకుముందు నేనూ ఒక తప్పు పని చేశాను. అయిదు స్టార్లు ఇస్తే వడియాల పొట్లం ఉచితమని చీటీలు అచ్చు వేయించాను. గూగుల్ నిబంధనల ప్రకారం అది కూడదట. ఇంట్లోవాళ్ళం మన దుకాణానికి మనమే రాసుకోవడమూ కూడదు. చీటీలన్నీ పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడు "మీకెలా అనిపించిందో రాయండి" అని మాత్రం పార్సిల్లో పెడుతున్నాం, అదీ అందరికీ. మెచ్చుకుంటారనుకున్నవాళ్ళకే పెడితే అదీ తొండే. ఈ మధ్య ఒకతను ఫోన్ చేసి, డబ్బిస్తే యాభై రివ్యూలు రాయిస్తానన్నాడు. వద్దని పెట్టేశాను. ఆన్‌లైను అంగళ్ళలో అమ్మేవాళ్ళు కొనేవాళ్ళలా నటించి రివ్యూలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. 2022 నవంబరులో రివ్యూల కోసమే ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది, అందులోనూ కొనుక్కున్న రివ్యూలు పనికిరావనే ఉంది.

మరి నిజంగా అబద్ధం రాస్తే? మాకొకసారి "బిర్యానీ బాగాలేదు" అని వచ్చింది. మేము బిర్యానీ వండితే కదా! మనంతట మనం తీసేయలేం, గూగుల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. చేశాను, కొన్నాళ్ళకి తీసేశారు. కానీ నచ్చలేదని రాసినంత మాత్రాన తీయరు సుమా. అది వాళ్ళ అభిప్రాయం.

బెంగుళూరు ఆయన స్టారు ఇప్పటికీ అక్కడే ఉంది, మార్చలేదు. మూత లోపల వెండిరంగు రేకు అతికించే చిన్న మిషను ఒకటి కొన్నాం. అయినా అక్కయ్యకి నమ్మకం లేదు. సీలు వేసిన ప్రతి సీసానీ పాత పేపరు మీద రాత్రంతా తలకిందులుగా నిలబెడుతుంది. పొద్దున పేపరు మీద నూనె మరక కనిపించిందా, ఆ సీసా ఇక పార్సిలెక్కదు, మా భోజనాల బల్ల మీదికే.