నంబరు కనిపిస్తోంది... మోగదేం?

పోస్టుకార్డు చేతికి దొరికితే ఓసారి తిప్పి చూడండి. చిరునామా రాసేవైపు ఆరు చిన్న గళ్లుంటాయి. పిన్‌కోడ్ కోసం. 1972 ఆగస్టు 15న మనదేశంలో మొదలైందీ ఆరంకెల పద్ధతి. ఆ అంకెల్ని ఓ మూల గీకి పడేసినా పోస్ట్‌మ్యాన్ చదవలేడా అంటే, చదవగలడు. కాకపోతే వెతుక్కోవాలి. గడి ఉంటే ఆ బాధ లేదు. 'ఇది పిన్‌కోడ్' అని గడే చెప్పేస్తుంది.

వెబ్‌పేజీకీ ఇలాంటి గళ్లే ఉన్నాయి. అవి మాత్రం తెరమీద కనిపించవు. పేజీని తయారుచేసే హెచ్‌టీఎంఎల్ భాషలో దాగి ఉంటాయి. వాటిని నింపకపోతే ఏమవుతుందంటారా?

ఇంట్లో ఒకరికి ఆపరేషన్. వెంటనే రక్తం కావాలన్నారు. ఫోన్లో బ్లడ్‌బ్యాంకు వెబ్‌సైట్ తెరిచారు. ఎర్రటి అక్షరాలతో పెద్ద నంబరు. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఎందుకంటే అది నంబరు కాదు, నంబరు బొమ్మ! గోడమీది బ్యానర్‌ని ఫొటో తీసి యథాతథంగా పెట్టేశారు. ఇక కాగితం, పెన్ను వెతుక్కోవాలి. చూపులేనివారికి మరీ కష్టం. తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆధారం. బొమ్మ పక్కన వివరణ రాసి ఉంచకపోతే చాలాసార్లు దానికి అక్కడ నంబరుందన్న సంగతే తెలీదు.

ఇంతకీ దీనికి పరిష్కారం పెద్ద ఖర్చేం కాదు. నంబర్ని అక్షరాల్లో రాసి, దానికో లింకు ఇవ్వాలి. ఆ లింకులో 'టెల్' అన్న మాట, పక్కన కోలన్, ఆపైన ప్లస్ 91తో మొదలయ్యే నంబరు... అంతే. వేలు తగలగానే ఫోన్ డయల్‌కి సిద్ధమవుతుంది. ప్లస్ 91 దేనికంటారా? అమెరికాలో ఉన్న అబ్బాయి నొక్కినా ఫోన్ ఇక్కడే మోగాలి కదా! లింకు లేకపోయినా కొన్ని ఫోన్లు అంకెల్ని చూసి ఫోన్ నంబరని ఊహిస్తాయి. కానీ ఊహ ఊహే. రసీదు నంబర్ని చూసీ ఫోన్ నంబరని పొరబడొచ్చు.

'అడ్రస్' అన్న గుర్తు ఇంకోటుంది. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉందది. పేరు చూసి కనిపించిన చిరునామానల్లా అందులో పెట్టేస్తుంటారు. అది సరికాదు. ఆ పేజీకి బాధ్యులెవరు, వాళ్లని ఎలా సంప్రదించాలి అని చెప్పడానికే ఆ గుర్తు. తిరుపతి యాత్ర గురించి రాసిన పేజీ ఉందనుకోండి. అందులో రాసినవారి చిరునామా పెట్టాలి తప్ప, అక్కడి లాడ్జీలవి కాదు.

మరి పేరు, వీధి, ఊరు, పిన్‌కోడ్... వేటికవి విడిగా చెప్పాలంటే? విజిటింగ్ కార్డులోని వివరాల్ని కంప్యూటర్లు ఇచ్చిపుచ్చుకునే 'వీకార్డ్' పద్ధతి ముందునుంచే ఉంది. దాన్ని వెబ్‌పేజీలోకి తెచ్చిందే 'హెచ్‌కార్డ్'. తర్వాత 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి 'స్కీమా డాట్ ఆర్గ్' పేరుతో ఉమ్మడి గుర్తుల పట్టికని తెచ్చాయి.

తెలుగువాళ్లకో తిరకాసు ఉన్నదిక్కడే. రెండు మాటల పేరుకి విడిగా గుర్తులు పెట్టకపోతే, హెచ్‌కార్డ్ లెక్కలో మొదటి మాట పేరు, రెండో మాట ఇంటిపేరు! 'గురజాడ అప్పారావు' అని రాసి ఊరుకుంటే మహాకవి పేరు గురజాడ, ఇంటిపేరు అప్పారావు అయిపోతాయి. పాశ్చాత్యుల వరస అది. ఇంటిపేరు ముందుండటం మన అలవాటని కంప్యూటర్‌కేం తెలుసు? 'ఇది ఇంటిపేరు, ఇది పేరు' అని వేర్వేరు గుర్తులు పెట్టేస్తే ఏది ముందు రాసినా ఇబ్బంది లేదు.

ఈ ఆదివారం ఓ పని చేయండి. పిల్లల బడి, మందుల షాపు, మీ కాలనీ సంఘం... ఎవరి వెబ్‌సైట్ ఉన్నా ఫోన్లో తెరిచి నంబరు మీద నొక్కి చూడండి. డయల్ తెర వస్తే సరే. రాకపోతే నిర్వాహకులకి చెప్పండి. బొమ్మ తీసేసి అక్షరాలు పెట్టడానికి, లింకు ఇవ్వడానికి తెలిసినవాళ్లకి పది నిమిషాలు చాలు. మీ వీధిలో ఎవరికో అర్ధరాత్రి ఆ నంబరుతో పని పడొచ్చు.