క్యాజువాలిటీ గుమ్మంలో ఒక్క మాట

రాత్రి పదకొండు దాటింది. పెద్దాసుపత్రి క్యాజువాలిటీ ముందు స్ట్రెచర్ దొరక్క, ఛాతీ నొప్పితో మెలికలు తిరుగుతున్న తండ్రిని కొడుకు చేతుల మీద మోసుకొస్తాడు. చీటీ రాయించడానికి ఒకరు పరుగు, రక్తం సీసా పట్టుకుని ల్యాబుకు ఇంకొకరు పరుగు. "ఒక్కసారి చూడండి సార్" అని ఎంత బతిమాలినా బదులిచ్చే తీరిక అక్కడెవరికీ ఉండదు. ఇది ఏ ఒక్క ఊరి కథో కాదు.

అత్యవసర వైద్యం దయాధర్మం కాదు, హక్కు. ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని 1996లో తేల్చింది. 2005లో మొదలైన 108 అంబులెన్సు రోగిని గుమ్మం దాకా చేరుస్తోంది. అసలు నిరీక్షణ అక్కడే మొదలవుతోంది.

ముందొచ్చినవారికి ముందు అన్న పద్ధతి ఇక్కడ చెల్లదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో తీవ్రతను బట్టి రోగులను చూడాలి. ఆ సంగతి బయట కూర్చున్నవారికి చెప్పే దిక్కు లేనప్పుడు అనుమానం ఆగ్రహమవుతుంది, ఆగ్రహం డాక్టర్లపై దాడి అవుతుంది. నిద్రలేక నలిగిపోతున్న జూనియర్ డాక్టర్లను, నర్సులను నిందించి లాభం లేదు. ప్రతి షిఫ్టులో బంధువులకు పరిస్థితి వివరించే మనిషిని, స్ట్రెచర్ తోసే సిబ్బందిని, రాత్రంతా పనిచేసే ల్యాబును సమకూర్చాల్సింది ప్రభుత్వాలే. "మీ నాన్నగారిని చూస్తున్నాం, అరగంటలో చెబుతాం" అన్న ఒక్క మాట కూడా వైద్యంలో భాగమే.