తొడుగు మాటున నిప్పు

మహాభారతంలోని లక్క ఇంటి కథ తెలియని తెలుగువారు అరుదు. ఆదిపర్వంలో నన్నయ తెలుగు చేసిన కథ అది. వారణావతంలో పురోచనుడు పాండవుల కొరకు ఒక సుందర గృహాన్ని నిర్మింపజేశాడు. చూపరులకు అది రాజభవనం. గోడలలో ఇమిడి ఉన్నవి లక్క, నెయ్యి వంటి దహనశీల పదార్థాలు. అయితే పాండవులకు విదురుని హెచ్చరిక ముందుగా అందింది. సొరంగం త్రవ్వడానికి నేర్పరి ఒకడు వచ్చాడు. 2017 జూన్ 14వ తేదీ వేకువకు ముందు లండన్ నగరంలోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో నిద్రిస్తున్నవారికి ఇవేవీ లేవు. ఇరవైనాలుగు అంతస్తుల ఆ భవనానికి ఉన్నది ఒకే ఒక్క మెట్లదారి.

నాలుగవ అంతస్తులోని ఒక వంటగదిలో రిఫ్రిజిరేటర్ నుండి నిప్పు పుట్టింది. ఇటువంటి చిన్న అగ్నిప్రమాదాలు నగరాలలో నిత్యకృత్యాలు. అగ్నిమాపక దళం వచ్చింది, వంటగదిలోని మంటను అదుపు చేసింది కూడా. కాని అప్పటికే నిప్పు కిటికీ చట్రం సందుల నుండి వెలుపలికి ప్రాకి గోడ తొడుగునంటుకున్నది. ఆపైన ఇరవై నిమిషాలు గడిచీ గడవకముందే అది భవన శిఖరాన్ని చేరింది. ఆ అగ్నికి 72 మంది ఆహుతి అయ్యారు.

ఆ తొడుగు కథ విద్యార్థులు శ్రద్ధగా తెలుసుకోదగినది. 1974లో పూర్తయిన ఆ భవనం మౌలికంగా కాంక్రీటు కట్టడం, కాంక్రీటు మండదు. చలిదేశంలో పాత గోడలు వేడిని నిలుపలేవు కనుక, 2016లో ముగిసిన పునరుద్ధరణలో వెలుపలివైపు ప్లాస్టిక్ నురుగుతో చేసిన ఉష్ణనిరోధక పలకలను అమర్చారు. వాటిపైన కొంత ఖాళీ విడిచి అల్యూమినియం పలకలను బిగించారు. ఆ పలక నిజానికి రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ కూర్చిన పాలిథిలిన్. మనం నిత్యం వాడే చేతిసంచుల పదార్థమే అది. వేడి తగిలితే కరుగుతుంది, మండుతూ బొట్లుబొట్లుగా రాలి క్రింది అంతస్తులను అంటిస్తుంది. పలకకూ గోడకూ నడుమనున్న ఖాళీ పొగగొట్టంలా పనిచేసి మంటను పైకి పీలుస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న మన సామెత ఇంత అక్షరాలా నిజమైన సందర్భం మరొకటి నాకు స్ఫురించడం లేదు.

మొదట అనుకొన్నవి జింకు పలకలు. వాటిని మార్చి ఈ పలకలను తీసుకొన్నందువలన దాదాపు మూడు లక్షల పౌండ్లు మిగిలాయి. పొదుపు చేయడమే దోషమని నేననను. ప్రజాధనాన్ని పొదుపుగా వాడవలసిందే. అయితే ఏది తగ్గించదగినదో, ఏది తగ్గించరానిదో నిర్ణయించినవారు ఆ గోడల వెనుక నిద్రించేవారు కారు. సంపన్నులకు పేరుపొందిన కెన్సింగ్టన్ ప్రాంతంలోనే ఉన్నా గ్రెన్‌ఫెల్ నివాసులలో అధికులు సామాన్యులు, వలస వచ్చినవారు. తమ భద్రత గురించి వారు మౌనంగానూ లేరు. ఘోరమైన ప్రాణనష్టం జరిగితే తప్ప నిర్వాహకుల తీరు బయటపడదని నివాసుల సంఘం 2016 నవంబరులోనే వ్రాసింది. విదురుడున్నాడు, వినే చెవులే లేవు.

ఆ రాత్రి నివాసులకు అందిన సలహా మరింత బాధాకరమైనది. ఇల్లు విడువవద్దు, తలుపు మూసుకొని లోపలే ఉండండి అన్నారు. ఇది తెలివితక్కువ సలహా కాదు. కాంక్రీటు గదులలో నిప్పు పుట్టిన చోటనే చాలాసేపు బందీగా ఉంటుంది. అందరూ ఒక్క మెట్లదారిపై పడితే తొక్కిసలాటే ప్రాణాంతకం. కాని వెలుపలి గోడ మండదన్న నమ్మకం మీదనే ఆ సలహా నిలిచి ఉంది. ఆ నమ్మకం కూలిన తరువాత కూడా దానిని 2 గంటల 47 నిమిషాల వరకు ఉపసంహరించలేదు. అంతకు సుమారు గంట ముందే అందరినీ బయటకు రమ్మనవలసి ఉండెనని 2019లో వెలువడిన విచారణ నివేదిక తేల్చింది. చెప్పిన మాట విన్నవారే అధికంగా నష్టపోయిన రాత్రి అది.

అగ్నిమాపక దళం పొరపాట్లను కాదనలేము. అయినా నా దృష్టిలో వారి వాహనం కదలకముందే అసలు అపరాధం జరిగిపోయింది. న్యాయమూర్తి మార్టిన్ మూర్-బిక్ 2024 సెప్టెంబరులో సమర్పించిన తుది నివేదిక, ఈ మరణాలన్నీ నివారించదగినవే అని స్పష్టం చేసింది. పలకలను, ఉష్ణనిరోధకాలను తయారుచేసినవారు పరీక్షా ఫలితాల విషయంలో కొనుగోలుదారులను మోసగించారని తెలిపింది. ఇటువంటి పలక ఎంత తీవ్రంగా మండుతుందో 2001లో ప్రభుత్వం చేయించిన పరీక్షలోనే తెలిసింది. ఆ ఫలితం బయటికి రాలేదు. ఉపరితలంపై మంట ఎలా వ్యాపిస్తుందన్న దానికే ప్రాధాన్యమిచ్చిన ప్రమాణాన్ని చూపి, లోపలి పదార్థం సంగతి మరుగుపరచడం సులువైంది.

లక్క ఇంటికి ఒక దుర్యోధనుడున్నాడు, చంపాలన్న సంకల్పం ఉంది. గ్రెన్‌ఫెల్‌లో ఎవరికీ చంపాలన్న తలంపు లేదు. తయారీదారు అమ్మకం చూసుకొన్నాడు, గుత్తేదారు ధర చూసుకొన్నాడు, తనిఖీ అధికారి కాగితం చూసుకొన్నాడు. ఒక్కొక్కరి వాటా అల్పం. అందువల్లనే ఇది నాకు లక్క ఇంటి కంటే భయంకరంగా తోస్తుంది. కుట్రను విదురుడు పసిగట్టగలడు. పదిమంది పంచుకొన్న నిర్లక్ష్యాన్ని పసిగట్టడం ఎవరి తరం?

2018లో ఇంగ్లండు ప్రభుత్వం 18 మీటర్లకు మించిన కొత్త నివాస భవనాల వెలుపలి గోడలలో దహనశీల పదార్థాలను నిషేధించింది. అప్పటికే కట్టిన వాటి మాట వేరు. తుది నివేదిక వెలువడే నాటికి కూడా వేలాది భవనాల తొడుగులు మార్చవలసే ఉన్నాయి. మన నగరాలలోనూ దుకాణాలకు, ఆసుపత్రులకు మెరిసే అల్యూమినియం పలకలు తొడగడం వాడుకైంది. వాటి నడుమ ఏ పదార్థముందని యజమానిని అడిగేవారు ఎందరున్నారో తెలియదు.

లక్క ఇల్లు దగ్ధమైన రాత్రి పాండవులు తప్పించుకొన్నారని మనం సంతోషిస్తాము. ఆ ఇంట అదే రాత్రి ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కుమారులు నిద్రలోనే కాలిపోయారు. వారి పేర్లు కథలో లేవు.